సైలెన్సర్ మీద వెండి రంగు

అది ఆశ్వయుజ శుద్ధ సప్తమి, శుక్రవారం, ఉదయం ఏడుంపావు. ఇనుప మేకు కూడా ఆరు నెలలు నిలవని సముద్రపు ఒడ్డు ఊరు గవ్వలపాలెంలో, ఏ పనీ చివరిదాకా చేయకుండానే "అయిపోయింది" అనే అలవాటున్న ఆదిశేషు, అక్కగారి వాకిట్లో పాత మోటారు సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాడు.

బండి అతనిది కాదు. రెండేళ్ల కిందట కాలం చేసిన బావ రాఘవులుది. రాఘవులు ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్. ఎండనక వాననక ఆ బండి మీదే తిరిగేవాడు. ఆయన పోయాక బండి వసారాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. ఉప్పుగాలి దాని సైలెన్సర్‌ని మెల్లగా తింటూ వచ్చింది. ఇప్పుడు ఆ గొట్టం మొదలు నుంచి చివరిదాకా కాల్చిన ఇటుక రంగులో ఉంది. చెయ్యి వేస్తే ఎర్రటి పొడి రాలుతోంది.

"మూడు రోజుల పనిరా శేషూ," అంది అక్క అలివేలమ్మ, గడప దగ్గర పూజ సామాను ముందేసుకుని. "మీ బావ ఏటా దసరాకి చేసేవాడు. మొదటి రోజు బోల్టులు ఊడదీసి, పెట్రోలు గుడ్డతో జిడ్డంతా తుడిచి, తీగల బ్రష్షుతో రుద్దేవాడు. ఆ తర్వాత గరుకు కాగితం. లోపలి ఇనుము తెల్లగా తేలేదాకా వదిలేవాడు కాదు. రెండో రోజు ఎండలో పెట్టేవాడు. మూడో రోజు ఆ వేడికి తట్టుకునే రంగు ఉంటదే, అది పల్చగా మూడుసార్లు. పల్చబడ్డ చోటుంటే మస్తాన్ దగ్గర అతుకు వేయించేవాడు. తుప్పు పోయిందో లేదో కంటితో చూడకూడదనేవాడు. కన్ను మోసపోద్ది, వేలు మోసపోదు అనేవాడు."

"బావకి ఓపిక ఎక్కువ. నాకు బుర్ర ఎక్కువ," అన్నాడు ఆదిశేషు.

అతను చెడ్డవాడు కాదు. అక్క ఇంటికి పిలవకుండానే వచ్చి నీళ్లు తోడేవాడు, కట్టెలు కొట్టేవాడు. కానీ ఏ పనైనా ముప్పాతిక వంతు అయ్యేసరికి అతనికి విసుగు పుట్టేది. తలుపు గొళ్లేనికి నాలుగు మేకులు కొట్టమంటే రెండు కొట్టి, "అయిపోయిందక్కా" అనేవాడు. పోయిన వానాకాలంలో కప్పు మీద పగిలిన పెంకులన్నీ మార్చానన్నాడు. మొదటి వాన సరిగ్గా బియ్యపు డబ్బాలో కురిసింది. "శేషు అయిపోయిందన్నాడంటే, పని ఇప్పుడే మొదలైందని అర్థం," అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు.

ఈసారి పని మాత్రం నవ్వులాట కాదు. మేనకోడలు హైమ పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష నెగ్గింది. దసరా మరుసటి రోజు, మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు, ఒంగోలు పోలీసు మైదానంలో పరుగు పరీక్ష. ఊరి నుంచి మొదటి బస్సు ఎనిమిదిన్నరకు గానీ అక్కడికి చేరదు. కిందటిసారి హైమ ఒక్క సెకను తేడాలో పోగొట్టుకుంది. వయసు లెక్క ప్రకారం ఆమెకు ఇదే ఆఖరిసారి. అందుకే ఆదిశేషు ముందుకొచ్చి, "బావ బండి బాగుచేసి నేను దించుతా. బావ బండి మీద పోతే బావ దీవెన కూడా వెంట వస్తది," అన్నాడు. ఆ మాటకు అలివేలమ్మ కళ్లు ఒత్తుకుంది.

అప్పుడే సముద్రం ఒడ్డున పరుగు సాధన ముగించుకుని, పాదాలకు తడి ఇసుకతో హైమ వచ్చింది.

"మామా, మొదలెట్టావా? మంగళవారానికి అవుద్దా? ఏ ఏడాది మంగళవారం అన్నది కూడా చెప్పు."

"ఇదిగో, పోలీసు కాకముందే ఈ ఆరాలు మొదలెట్టావు. పో, పోయి చద్దన్నం తిను."

హైమ నవ్వుతూ లోపలికి పోయింది. ఆదిశేషు రెంచి పట్టుకుని బోల్టు తిప్పాడు. అది తుప్పుకి బిగుసుకుపోయి కదల్లేదు. ఊడదీయకుండా బండి మీదే రుద్దుదామనుకున్నాడు. తీగల బ్రష్షుతో పావుగంట రుద్దేసరికి జబ్బలు లాగాయి. అరచేయంత చోటు కూడా తెల్లబడలేదు.

తలెత్తి చూస్తే, అక్క చింతపండు, ఉప్పు కలిపి దీపపు కుందులు తోముతోంది. నల్లగా ఉన్న ఇత్తడి ఆమె చేతుల్లో నిమిషంలో బంగారంలా వెలుగుతోంది.

"అక్కా, ఆ చింతపండు ముద్ద ఇటియ్యి."

"ఇదెందుకురా? ఇది ఇత్తడికి."

"ఇత్తడైనా ఇనుమైనా మురికి మురికేగా."

"ఏమోరా, మీ బావ ఎప్పుడూ ఇట్టా చేయలేదు," అంటూనే తమ్ముడి మాట కాదనలేక గుప్పెడు ముద్ద చేతిలో పెట్టింది.

చింతపండు నిజంగానే పనిచేసింది. ఎర్రటి నీరు కారుతూ తుప్పు దిగింది. ఆదిశేషు హుషారుగా పైనంతా తోమి, గొట్టం అడుగున తోమడానికి చెయ్యి కిందికి పోనిచ్చాడు. వెనక చక్రం దగ్గర, కట్టు బిగించే చోట, అతని చూపుడు వేలు లోపలికి దిగబడిపోయింది.

అతను ఉలిక్కిపడి వేలు లాక్కున్నాడు. తల నేలకానించి చూశాడు. రూపాయి బిళ్లంత చిల్లు. దాని చుట్టూ ఇనుము అప్పడంలా పల్చబడి ఉంది.

సరిగ్గా అదే సమయానికి సైకిలు మీద పోతున్న వెల్డింగు మస్తాన్ వాకిట్లో ఆగాడు. "ఏం శేషూ, రాఘవులు అన్నయ్య బండికి మోక్షం వచ్చిందా? కింద చూశావా? పాత బండ్లకి తుప్పు కిందనే తింటది. ఏదన్నా ఉంటే మూడింటికి కొట్టు దగ్గరికి తీసుకురా. నమాజు అయ్యాక అరగంటలో అతుకు వేసిస్తా. నాకేమీ ఇవ్వొద్దులే, అన్నయ్య బండికి."

చిల్లు చూపించాలంటే ఆ బోల్టులు ఊడదీయాలి. పైగా వెల్డింగు పెడితే ఇప్పుడు తోమిందంతా మళ్లీ నల్లబడుతుంది. ఇంకా పైగా, మూడింటికి ఐస్ ఫ్యాక్టరీ దగ్గర క్యారమ్స్ పందెం ఉంది. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆదిశేషు మనసులో తిరిగాయి.

"చూశాలే మస్తాన్ భాయ్. అంతా గట్టిగానే ఉంది," అన్నాడు.

మస్తాన్ వెళ్లిపోయాడు. ఆదిశేషు ఇంట్లోకి పోయి, నీళ్ల పైపు కారినప్పుడు పెట్టగా మిగిలిన, చిల్లులు పూడ్చే ముద్ద వెతికి తెచ్చాడు. చిల్లులో కూరి వేలితో నునుపు చేశాడు. చెంబెడు నీళ్లు పోసి, పైపైన గుడ్డతో తుడిచాడు. అతుకుల సందుల్లో తడి అట్లాగే ఉంది. గేటుకి వేయగా అడుగున మిగిలిన వెండి రంగు డబ్బా తీసి, మందంగా ఒక్క పూత పూశాడు. పది గంటలు కాకముందే చేతులు కడుక్కుని, "అక్కా, అయిపోయింది!" అని కేక పెట్టాడు.

అలివేలమ్మ వచ్చి చూసింది. సైలెన్సర్ ఎండలో పెళ్లికొడుకు మెడలో గొలుసులా మెరుస్తోంది. ఆమె మొహం విప్పారింది. "మీ బావే చేసినట్టుందిరా," అంది.

ఆ మాట ఆదిశేషుకి సంతోషం కలిగించాల్సింది. కానీ గొంతులో చిన్న ముల్లు ఇరుక్కున్నట్టయింది. సాయంత్రం మస్తాన్ దగ్గరికి వెళ్దాంలే అనుకున్నాడు. సాయంత్రం క్యారమ్స్‌లో గెలిచాడు. గెలిచినవాడికి ముల్లు గుర్తుండదు.

ఆదివారం మహర్నవమి, ఆయుధ పూజ. బండిని వాకిట్లో ముగ్గు మీద నిలబెట్టారు. దాని ముందు పీట వేసి రెంచి, కత్తిపీట, కత్తెర, రాఘవులు వాడిన తీగల బ్రష్షు వరుసగా పెట్టారు. చివర్న హైమ శుభ్రంగా ఉతికి ఆరబెట్టిన తన పరుగు బూట్లు తెచ్చి పెట్టింది.

"చాల్లేవే! బూట్లకి బొట్టేంది?" అంది తల్లి.

"నా ఆయుధం ఇదేగా అమ్మా. అమ్మవారికి తెలీదా ఏంది?"

అలివేలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత కుంకుమ తీసి రెండు బూట్లకీ బొట్లు పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత బండి దగ్గరికి వచ్చి, హ్యాండిలుకి, చక్రాలకి పసుపు రాసింది. వంగి సైలెన్సర్ పొడుగునా పసుపు వేళ్లు లాగింది. అడుగున ఆమె వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఉబ్బెత్తుగా ఉందేందిరా?"

వేలు మోసపోదన్న బావ మాట ఆదిశేషు చెవిలో వినిపించినట్టయింది. చెప్పేద్దామనే అనుకున్నాడు. కానీ అక్క పసుపు చేతులతో, నమ్మకంగా అతని వంకే చూస్తోంది. రెండు రోజుల కిందట "మీ బావే చేసినట్టుంది" అన్న నోరు అది.

"పాత అతుకు మచ్చలే అక్కా," అన్నాడు.

ఆమె ఆ మచ్చ మీదే కుంకుమ బొట్టు పెట్టింది.

ఆ పూట అతనికి అన్నం సరిగ్గా దిగలేదు. మస్తాన్ కొట్టుకి పోదామంటే, ఆయుధ పూజ నాడు పనివాళ్లు వెల్డింగు మిషనుకి దండ వేసి పక్కన పెట్టేశారు. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజు ఎవరూ కదపరు. "మన చేతిలో ఏముంది?" అని తనకి తాను చెప్పుకున్నాడు. చేతిలో ఉన్న శుక్రవారం చేతులారా జారవిడిచిన సంగతి మాత్రం చెప్పుకోలేదు.

సోమవారం విజయదశమి. మధ్యాహ్నం అలివేలమ్మ తమ్ముణ్ణి పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఒరే, నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది. రెండేళ్లు మూలన పడున్న బండి. నీకు దాని మీద గట్టి నమ్మకం ఉందా? లేకపోతే చెప్పు, తప్పేమీ లేదు. సాయంత్రం బస్సుకి పిల్లని ఒంగోలు పంపిస్తా. మా ఆడపడుచు ఇంట్లో పడుకుని పొద్దున్నే మైదానానికి నడిచిపోద్ది."

ఒక్క మాట. "వద్దక్కా, బస్సుకే పంపు." అంతే చాలు. చిల్లు సంగతి కూడా చెప్పక్కర్లేదు.

ఆదిశేషు లేచి బండి స్టార్టు చేశాడు. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. బండి మెత్తగా, సద్దు లేకుండా నడిచింది. ఆ నిశ్శబ్దం చూసి అతనికే ధైర్యం వచ్చింది.

"భలేదానివక్కా! చూశావుగా? బండి నిక్షేపంలా ఉంది. నా పని అయిపోయింది. ఇక నీ కూతురి పనే మిగిలింది."

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఇద్దరూ బయల్దేరారు. హైమ నుదుట బొట్టు పెట్టుకుని, బూట్లు వేసుకుని, అటూ ఇటూ కాళ్లు వేసి వెనక కూర్చుంది. తల్లి ఎదురొచ్చి, "దుర్గమ్మ తోడుంటది, పదండి," అంది.

నాలుగు మైళ్లు బాగానే గడిచాయి. తర్వాత బండి గొంతు మారింది. వేడికి ఎండిపోయిన ముద్ద బీటలు వారి రాలిపోయింది. చిల్లులోంచి పటపటమని చప్పుడు మొదలైంది. రంగు పొరలు మాడుతున్న కమురు వాసన వచ్చింది.

"మామా, ఏందది? ఆపు, చూద్దాం."

ఆపితే ఆదిశేషు దాచింది బయటపడుతుంది. "ఏంలేదమ్మా. కొత్త రంగు కదా, అట్టాగే వాసనొస్తది. ఇంకెంత, అయిపోయింది, వచ్చేశాం."

రైలు గేటు దాటాక రోడ్డుకి అడ్డంగా ఒక గట్టు ఉంది. బండి దాని మీద ఎగిరి పడింది. అప్పడంలా పల్చబడ్డ ఇనుము ఆ కుదుపుకి తట్టుకోలేదు. సైలెన్సర్ కట్టు దగ్గర రెండుగా విరిగింది. వెనక ముక్క నేలకు తగిలి, చక్రానికి అడ్డంపడింది. బండి గిర్రున తిరిగి కుడివైపు పడిపోయింది.

ఆదిశేషు దూరంగా దొర్లిపోయాడు. మోకాలు కొట్టుకుపోవడం తప్ప అతనికేమీ కాలేదు. లేచి చూసేసరికి హైమ కుడికాలు బండి కింద ఉంది. మిగిలిన సైలెన్సర్ ముక్క నిప్పులా కాలుతూ ఆమె పిక్క మీద ఆనుకుని ఉంది. చేలో పనిచేస్తున్నవాళ్లు పరుగున వచ్చారు. అందరూ కలిసి బండి ఎత్తేదాకా ఆ పిల్ల వేసిన కేక ఆదిశేషు ఆ తర్వాత జీవితమంతా విన్నాడు.

ఆసుపత్రిలో కట్టు కడుతూ డాక్టరమ్మ, "కండ దాకా కాలింది. మడమ కూడా బెణికింది. మానుతుంది, భయం లేదు. నడుస్తుంది. కానీ మూడు నెలలు పరుగు మాట ఎత్తొద్దు," అంది.

హైమ ఏడవలేదు. ఎదురు గోడ మీద గడియారం వంకే చూస్తూ పడుకుంది. ముల్లు ఎనిమిది దాటాక నెమ్మదిగా, "ఈపాటికి నా నంబరు పిలిచుంటారు మామా," అంది.



సాయంత్రానికి పిల్లని ఇంటికి తీసుకొచ్చారు. కాసేపటికి మస్తాన్ విరిగిన సైలెన్సర్ ముక్కలు రెండూ గోనెసంచిలో తెచ్చి వసారాలో పెట్టాడు. ఆదిశేషు వంక చూశాడు. "గట్టిగానే ఉంది" అన్న మాట ఇద్దరికీ గుర్తుంది.

అలివేలమ్మ ఆ ముక్క ఒకటి ఒళ్లోకి తీసుకుంది. వెండి రంగు మీద తను పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా కొంచెం మిగిలి ఉంది. గోటితో గీరింది. రంగు పెచ్చులా ఊడొచ్చింది. దాని కింద, నాలుగు రోజుల కిందట చింతపండుతో పోయిందనుకున్న తుప్పు, ఉప్పుతడికి మళ్లీ ఎర్రగా పొడుచుకొచ్చి ఉంది. అతుకు సందులో సన్నటి పీచు ఒకటి ఇరుక్కుని కనబడింది. ఆమె దాన్ని బయటికి లాగింది. తన పూజ సామాను దగ్గరి చింతపండు పీచు.

"చిల్లు నీకు ఎప్పుడు కనబడింది శేషూ?" అని అడిగింది. ఆమె గొంతు పెరగలేదు.

"శుక్రవారమే అక్కా."

"శుక్రవారం," అంది ఆమె. శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఎన్ని గంటలో, ఎన్నిసార్లు అడిగిందో, ఆ ఒక్క మాటలోనే లెక్క తేలిపోయింది. ఆదిశేషు, తిడుతుందేమోనని ఎదురు చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె పీచుని కొంగున తుడుచుకుని, లోపలికి వెళ్లి కూతురి కాలి దగ్గర విసనకర్ర పట్టుకుని కూర్చుంది.

మర్నాడు బుధవారం ఉదయం అలివేలమ్మ రోజూలాగే స్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చాక పీట మీదికి మళ్లీ చేరిన హైమ బూట్లని అక్కడి నుంచి తీయలేదు. తీయాలని చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. వాకిట్లో గరగరమని చప్పుడు వినబడి తలుపు తీసింది. ఆదిశేషు ఎప్పుడు వచ్చాడో, గోనెపట్టా పరుచుకుని, విరిగిన ముక్కలు ముందేసుకుని, బావ తీగల బ్రష్షుతో తను వేసిన వెండి రంగునే గీకుతున్నాడు. వేళ్లు చిట్లి ఉన్నాయి. ఒక్కొక్క అంగుళం గీకి, కళ్లు మూసుకుని, వేలు పెట్టి తడిమి చూసుకుంటున్నాడు. అతుకు వేయడానికి మస్తాన్ వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

కిటికీ పక్క మంచం మీది నుంచి హైమ చాలాసేపు చూసింది. చివరికి అలవాటుగా పిలిచింది.

"అయిపోయిందా మామా?"

ఆదిశేషు తల ఎత్తలేదు. "ఇంకా కాలేదమ్మా," అన్నాడు.

ఆ ఇంట్లో అతని నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. అలివేలమ్మ లోపలికి వెళ్లి, ముగ్గురికీ కాఫీ కలిపి తెచ్చి, తమ్ముడి గ్లాసు అతని పక్కన నేల మీద పెట్టి, గడప మీద కూర్చుంది.

పిల్లలూ, తుప్పుని గీకి తీయాలే గాని రంగు పూసి దాచకూడదు. ఎందుకంటే మనం దాచిన తప్పు చాలాసార్లు మనల్ని వదిలేసి, మనల్ని నమ్మి వెనక కూర్చున్నవాళ్లనే కాలుస్తుంది.